కాడ వదిలే చోటు

"ఎట్లొచ్చింది తాయీ?"

"ఇరగలే సార్. ఇడిశిపెట్టింది."

"చొప్పదండామె వచ్చిందా?"

"రాలే."

"వస్తది తీ. జర ఓపిక పట్టు."

డ్రాయింగు సారుకూ నాకూ నడుమ నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆయన ఆదిలాబాద్‌లో మంచం మీద ఉన్నాడు. నేను కరీంనగర్‌లో బల్ల ముందు ఉన్నాను. ఫోను చెవికీ భుజానికీ నడుమ నొక్కిపెట్టి, రెండు చేతుల్లో కొత్త బోర్డు పట్టుకున్నాను. ఇంకేదో అంటాడని ఆగాను. అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది, తర్వాత అదీ లేదు. పదిహేను రోజులకు కబురు వచ్చింది.

నేను చదువుకున్నదాన్ని కాను. సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతే. ఇది మా తమ్ముని బిడ్డ రాస్తోంది. నేను చెబుతుంటే పుస్తకాల తెలుగులోకి మార్చుకుంటూ రాస్తానంది. సరే మార్చుకో, మనుషులు మాట్లాడిన మాటలు మాత్రం దిద్దకు అన్నాను. బోర్డుల పని నేర్చుకుంటున్న ఆడపిల్లలు చదువుతారట, ఏదైనా చెప్పమన్నారు. పిల్లలూ, నేను మీకు పని నేర్పను. పని మీ వేళ్ళే నేర్చుకుంటాయి. నేను చేసిన ఒక తప్పు చెబుతాను.

మా షెడ్డు ఊరి చివర ఉండేది. ఇంట్లో కూర్చుని ఫోన్‌తో పొలం మోటారు ఆన్ చేసే స్టార్టర్లు ఉంటాయి కదా, వాటి కడుపులో ఉండే ఆకుపచ్చ బోర్డులు అక్కడ తయారయ్యేవి. బోర్డు ఒంటరిగా రాదు. పెద్ద షీటులో పన్నెండు కలిసి వస్తాయి. ఒక్కో బోర్డు చుట్టూ మిషను కోసి ఉంటుంది గానీ పూర్తిగా కోయదు. పూర్తిగా కోస్తే ఊడి పడిపోతుంది, మీద సామాను అతికించడానికి పట్టు ఉండదు. అందుకని అక్కడక్కడ చిటికెన వేలి గోరంత ముక్క వదిలేస్తారు. ఆ ముక్క మీద సూదిమొనంత చిల్లులు వరుసగా ఉంటాయి. సామాను అతికించాక ఆ చిల్లుల దగ్గర వంచితే టక్కున విరిగి బోర్డు చేతిలోకి వస్తుంది. మేడ మీద కంప్యూటరు దగ్గర దాన్ని ట్యాబు అనేవాళ్ళు. కింద మేము కాడ అనేవాళ్ళం, కాయకు ఉన్నట్టే కాబట్టి. మొత్తం పదిహేనేళ్ళు నా ఉద్యోగం అదే, కాడలు విరవడం.

దానికి ముందు నస్పూర్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన బొగ్గుబాయిలో చేసేవాడు. ఎంత రుద్ది స్నానం చేసినా కనురెప్పల అంచున కాటుకలాగ బొగ్గు మిగిలేది. బాయి లోపల కప్పు కూలే ముందు చిన్నగా చిటుక్కుమంటుందని చెప్పేవాడు. "ఇన్నోడు ఒర్రాలె. ఒర్రకుంటే వానికి మల్ల అన్నం సయించది" అనేవాడు, విన్నవాడు కేకెయ్యాలని. నేను పప్పులో ఉప్పు వేస్తూ సగం వినేదాన్ని. ఆయన ఛాతీ జబ్బుతో పోయాక తల్లిగారి వైపు కరీంనగర్ వచ్చి బీడీలు చుట్టాను. తునికాకు తడిపి, రేకు ఆనించి, కత్తెరతో కోసి, చుట్టి, కట్ట కట్టి. షెడ్డులోకి ఆడవాళ్ళను తీసుకునేటప్పుడు ఓనరు చదువు అడగలేదు. చేతులు చూపించమన్నాడు. వేళ్ళ మీద కత్తెర కాయలు చూసి, "బీడీలు చుట్టినవా? రేపటి సంది రా" అన్నాడు. మర్నాడు స్టూలు చూపించి ఇంకో మాట కూడా అన్నాడు.

"నీ పని ఇర్సుడు. సోంచాయించుడు పైనోళ్ళ పని."

ఆ మాట నాకు నచ్చింది, నిజం చెబుతున్నాను. ఆలోచించక్కర్లేని పని దొరికిందంటే ఆ రోజుల్లో నాకు అది విశ్రాంతి.

తూర్పు కిటికీ పక్కన నా స్టూలు. షీటు ఎత్తి వెలుగుకు అడ్డం పెడితే నా చేతులు, చీర, బల్ల అంతా లేతపచ్చగా అయిపోయేది, చింతచిగురు రాశిలో కూర్చున్నట్టు. చిల్లుల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా ఒడిలో పడేది. షీటు కొంచెం వంచితే ఆ చుక్కలు నడిచేవి. అవతల సోల్డరింగు బల్ల మీద గుగ్గిలం కాలిన వాసన, ఎవరింట్లోనో పూజ అవుతున్నట్టు. మధ్యాహ్నం రెండు దాటాక ఎవరూ మాట్లాడేవారు కాదు. ఫ్యాన్లు తిరిగేవి, కాడలు టక్ టక్‌మని విరిగేవి. అది నిద్ర కాదు, మెలకువా కాదు. ఆ చప్పుళ్ళ మీద తేలుతూ ఒకసారి నస్పూర్ క్వార్టరు వాకిట్లో ఉండేదాన్ని, ఒకసారి ఎక్కడిదో తెలియని తునికాకు అడవిలో నడుస్తుండేదాన్ని. చేతులు మాత్రం బల్ల దగ్గరే ఉండేవి. సాయంత్రం లెక్క చూస్తే బోర్డులు సరిగ్గానే ఉండేవి. ఎవరు విరిచారో నాకే తెలిసేది కాదు.

డ్రాయింగు సారు మేడ మీద ఉండేవాడు. బోర్డు ఎంత పొడుగు, కోత ఎక్కడ, కాడ ఎక్కడ, అన్నీ ఆయనే గీసేవాడు. ఆయనది ఆదిలాబాద్, మిషన్ చర్చి కుటుంబం. వాళ్ళ వైపు మాటలో మరాఠీ కలుస్తుంది, ఆడవాళ్ళను తాయీ అని పిలిచేవాడు, అక్కా అన్నట్టు. కొత్త డ్రాయింగులో మొదటి బోర్డు అమ్మకుండా కొండగట్టు అంజన్న పటం ముందు పెట్టడం మా షెడ్డు అలవాటు. అప్పుడు మాత్రం కిందికి దిగి వచ్చి, మాతోపాటు నిలబడి, తన దేవునికి తాను కళ్ళు మూసుకునేవాడు. ఏళ్ళ తరబడి ఆయన గీసింది నేను విరిచాను. ఆయన ఎన్నడూ నా చేతులు చూడలేదు, నేను ఆయన కంప్యూటరు చూడలేదు.

నా పదకొండో ఏడు, ఎండలు ముదరక ముందు చొప్పదండి నుంచి ఒకామె కొత్తగా వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. ఆమెదీ బీడీల చేతే. నా పక్క స్టూలు ఇచ్చారు. నోరు మహా గడుసు.

"అక్కా, నీ బొటనేలు మా అత్త నోరసొంటిది. ఆగనే ఆగది."

"మీ అత్త గూడ గిట్లనే టక్ టక్ మంటదా?"

"గిట్ల మెల్లగనా? గామె షీటుకు షీటే ఇరుస్తది."

ఆమె వచ్చాక మధ్యాహ్నాలు కాస్త తేటపడ్డాయి. కానీ చెయ్యి ఇంకా కుదరలేదు, నా సగం కూడా విరవలేకపోయేది. ఓనరు రెండుసార్లు ఆమె వెనక నిలబడి పోయాడు. నాకు జాలేసింది. బీడీలు చుట్టేవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. తొందరగా కావాలంటే రెండాకులు ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకే కత్తెరతో కోసేస్తాం. అదే ఇక్కడ చూపించాను. నేను అప్పటికే ఎవరూ చూడనప్పుడు అలా చేసేదాన్ని.

"గిట్ల పట్టు. రెండు షీట్లు ఈపుకు ఈపు పెట్టు. సామాను బయిటికుండాలె. ఇగ ఒక్కపారే వంచు."

"ఏమన్న అయితే?"

"ఏం గాదు. నేను చేస్తలేనా?"

నిజంగానే ఏం కాలేదు. పాత బోర్డులో కాడలు సామానుకు దూరంగా ఉండేవి, రెండేసి విరిచినా నాలుగేసి విరిచినా దానికి పట్టింపు లేదు.

తర్వాత కొత్త బోర్డు వచ్చింది. ఓనరు షీటుకు పన్నెండు కాదు, పదిహేను కావాలన్నాడట. సారు బోర్డు చిన్నది చేసి, దగ్గర దగ్గరగా సర్ది, కాడలు ఎక్కడ చోటు దొరికితే అక్కడ పెట్టాడు. ఒక కాడ పక్కనే నువ్వుగింజంత గోధుమరంగు ముక్క ఒకటి ఉంది. కెపాసిటర్ అంటారు. చూస్తే ముద్దొస్తుంది. మొదటి షీటు విరిచినప్పుడు టక్‌మన్న చప్పుడు లోపల ఇంకో చప్పుడు వినిపించింది. వినిపించడం కూడా కాదు, బొటనవేలి ఎముకకు తెలిసింది. చిట్. కందిగింజ పంటి కింద పగిలినట్టు. బోర్డు తిప్పి చూశాను. గింజ నున్నగా అలాగే ఉంది. పరీక్ష బల్ల మీద పెడితే ఎర్ర దీపం వెలిగింది, పాసైంది. నా పని విరవడం. విరిచాను.

అలా ఒక నెల. ఆ నెలంతా ఆ చిట్ వింటూనే ఉన్నాను. మధ్యాహ్నం మగతలో అది తలుపు మీద ఎవరో గోటితో కొడుతున్నట్టు ఉండేది. తియ్యలేదు.

వైశాఖం ఎండల్లో బోర్డులు వాపసు రావడం మొదలైంది. పొద్దున మోటారు నడుస్తుంది, మధ్యాహ్నం రేకుడబ్బా వేడెక్కగానే ఆగిపోతుంది, చల్లబడ్డాక మళ్ళీ నడుస్తుంది. రైతులు స్టార్టర్లు పట్టుకుని దుకాణాల మీదికి వచ్చారు, దుకాణాల వాళ్ళు మా ఓనరు మీదికి. ఒకరోజు రెండు అట్టపెట్టెలు తెచ్చి మా బల్ల మీద కుమ్మరించాడు.

"గిదేంది? మొత్తం మంది పరేషాన్ అవుతున్రు. మీరు ఇరుస్తున్రా, పగలగొడుతున్రా?"

ఆయన మేము విరుస్తుంటే చూస్తానని వెనక నిలబడ్డాడు. నేను ఒక్కొక్కటే విరిచాను. చొప్పదండామెకు భయానికి అలవాటే ముందుకొచ్చింది, చేతులు వాటంతట అవే రెండు షీట్లు తీసి వీపుకు వీపు పెట్టి వంచాయి.

"గిదన్నమాట! ఎవలు నేర్పిండ్రు నీకు గిట్ల?"

ఆమె నా వైపు చూసింది. తిప్పి తిప్పి కొడితే ఒక రెప్పపాటు. నేను నా బొటనవేలు చూసుకున్నాను. గోరు పక్కన చర్మం లేచి ఉంది. అది చాలా ముఖ్యమైన సంగతి అన్నట్టు చూసుకున్నాను.

"ఎవలు నేర్పలే సార్. నాకే అలవాటు" అంది ఆమె.

"ఇంట్లనే ఉండు ఇగ. రేపటి సంది రావద్దు."

ఆమె టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది. గేటు దాకా మెల్లగా నడిచింది. అంత మెల్లగా ఆమె నడవగా నేను ఎన్నడూ చూడలేదు. కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. నేను షీటు ఎత్తి అడ్డం పెట్టుకున్నాను. ఆమె కూడా పచ్చగా అయిపోయింది, చుక్కలు చుక్కలుగా అయిపోయింది, ఆ తర్వాత లేదు.

"అత్తా, గిది రాయాల్నా?" అని మా తమ్ముని బిడ్డ ఇప్పుడు పెన్ను ఆపి అడుగుతోంది. రాయి తల్లీ. గిదే రాయాలె.

తొమ్మిది రోజులు నేను ఒక్కొక్కటే విరిచాను. మంచి పిల్లలాగ, నిదానంగా, కాడ కింద వేలు ఆనించి. అయినా చిట్ అంది. అప్పుడు నాకు అర్థమైంది, తప్పు రెండేసి విరవడంలో మాత్రమే లేదు. అర్థమైనా నోరు పెగల్లేదు. చెప్పాలంటే మొదటి మాట ఎక్కడ మొదలుపెట్టాలి? 'నాకు ఎప్పటి నుంచో వినిపిస్తోంది' అనా? ఇన్నాళ్ళు ఏం చేశావంటారు. 'రెండేసి నేర్పింది నేను' అనా? నా స్టూలు కూడా పోతుంది. అది పోతే మళ్ళీ బీడీల చాట. ఆ చాట ముందు వంగిన నడుము నాకింకా గుర్తుంది.

ఆ రోజుల్లో నాకు కలలో పెద్ద ఆకు కనిపించేది. ఊరంత ఆకు. దాని మీద మేమందరం కూర్చుని ఉన్నాం, మా ఆయన కూడా, కనురెప్పలకు బొగ్గుతో. ఎక్కడో చిట్‌మంది. ఆయన అందరి మొహాలూ చూశాడు, ఎవరు విన్నారు అన్నట్టు. నేను పప్పులో ఉప్పు వేస్తున్నాను.

పదో రోజు మధ్యాహ్నం బోర్డు పట్టుకుని మేడ మెట్లు ఎక్కాను. పదకొండేళ్ళలో అదే మొదటిసారి. సారు అన్నం డబ్బా అప్పుడే మూస్తున్నాడు.

"ఏంది తాయీ?"

"సార్, మీరెప్పుడన్న గిది ఇరిసిండ్రా?"

"నేనెందుకు ఇరుస్త?" అని నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు.

షీటు చేతిలో పెట్టాను. బొటనవేలు ఎక్కడ పెట్టాలో చూపించాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని వంచాడు, చంటిపిల్ల చెయ్యి వంచినట్టు. టక్.

"ఇన్నరా?"

"ఏమి వినాలె?"

"ఇంకోటి ఇర్వుండ్రి. చెవితోని గాదు సార్, ఏలుతోని ఇనుండ్రి."

మూడోది, నాలుగోది. ఐదోదానికి ఆయన మొహం మారింది. కళ్ళు మూసుకుని ఇంకోటి విరిచాడు, అంజన్న పటం ముందు మూసుకున్నట్టే. తెరిచాక చాలాసేపు ఆ నువ్వుగింజను చూశాడు.

"గిది ఎప్పటి సంది?"

"మొదటి షీటు నుంచి."

"గప్పుడే చెప్పద్దా?"

"సోంచాయించుడు మీ పనట సార్."

ఆ మాట కాస్త ఎత్తిపొడుపుగానే అన్నాను. ఆయన కోప్పడలేదు. పదిహేనేళ్ళు కాడలు గీశాను గానీ ఒక్కటీ విరవలేదని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. తర్వాత ఓనరును పిలిపించాడు.

ఓనరు నమ్మలేదు. "తప్పు గామెది. నా కండ్లతోని చూసిన" అన్నాడు. అప్పుడు సారు ఒక ఉపాయం చెప్పాడు. ఇరవై బోర్డులు ఒక్కొక్కటిగా, ఇంకో ఇరవై బోర్డులు రెండేసిగా విరిచి, అన్నీ కప్పు మీద ఎండలో పెట్టి కరెంటు ఇద్దాం. పొలంలో ఎట్ల పోతున్నాయో ఇక్కడే చూద్దాం.

"రెండేసి ఇరవనీకి గామె లేదు గదా. ఎవలు ఇరుస్తరు?" అన్నాడు ఓనరు.

"నేను ఇరుస్త" అన్నాను.

"నీకెట్లొచ్చు?"

చేతిలో బోర్డు బల్ల మీద పెట్టి చెప్పాను.

"నేనే నేర్పిన. నేనూ చేస్తుంటి. గామె నా పేరు చెప్పలే."

ఓనరు నోరు తెరిచాడు. సారు చెయ్యెత్తి, "ముందు బోర్డులు. కోపం తర్వాత" అన్నాడు.

కప్పు మీద అరికాళ్ళు అతుక్కుపోయేంత ఎండ. పాత చీర పరిచి, వడియాలు ఎండబెట్టినట్టు నలభై బోర్డులు పరిచాం. ఎడమవైపు ఒక్కొక్కటిగా విరిచినవి, కుడివైపు రెండేసి విరిచినవి. వైర్లు కలిపి కరెంటు ఇచ్చాక నలభై ఎర్ర దీపాలు వెలిగాయి. ఆ ఎండలో వెలుగుతున్నట్టు కూడా తెలియదు, చేత్తో నీడ పట్టి చూడాలి. మేము ముగ్గురం నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చున్నాం. దూరంగా గుట్టలు వేడికి నీళ్ళలో నీడల్లాగ ఊగుతున్నాయి. ఎంతసేపు కూర్చున్నామో నాకు లెక్కలేదు. సారు లేచి వెళ్ళి గొడుగు పట్టి వంగి చూసి వచ్చేవాడు, మళ్ళీ వెళ్ళేవాడు.

"ఒకటి ఆరింది" అన్నాడు.

"ఏ దిక్కు?" ఓనరు, నేను ఒకేసారి అడిగాం.

"ఎడమ."

నేను నిదానంగా, పద్ధతిగా, వేలు ఆనించి విరిచినవాటిలోది. తర్వాత కుడివైపు రెండు. మళ్ళీ ఎడమ. దీపాలు కునికిపాట్లు పడ్డట్టు ఆరుతూ వచ్చాయి. పొద్దు వాలేసరికి ఎడమవైపు ఎనిమిది ఆరాయి. కుడివైపు పదకొండు.

"అంటే? ఇప్పుడు నేను ఎవలను పంపాలె?" అన్నాడు ఓనరు. ఆ గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"నన్ను పంపు. కాడను గింజ పక్కన పెట్టింది నేను. ఎట్ల ఇరిసినా పగిలేటట్టు గీసింది నేను" అన్నాడు సారు.

ఆయన అలా అన్నాడని నా భారం మొత్తం దిగిపోలేదు పిల్లలూ. ఎనిమిది, పదకొండు. చదువు రాకపోయినా ఆ తేడా నాకు తెలుస్తుంది. ఆ మూడు నావి. ఇప్పటికీ నావే.

ఓనరు ఎవరినీ పంపలేదు. మళ్ళీ గీయమన్నాడు, చొప్పదండామెను పిలవమన్నాడు.

తర్వాతి రోజులు నాకు ఇప్పుడు తలచుకుంటే కలలాగే ఉంటాయి. నా స్టూలు మేడ మీదికి వెళ్ళింది. సారు కంప్యూటరులో గీసి, అదే కొలతలో పెళ్ళిపత్రిక అట్ట కోసి ఇచ్చేవాడు. నేను రవికల సూదితో చిల్లులు పొడిచి, వంచి, విరిచి చూపించేదాన్ని. అట్ట ఎటు చిరుగుతుందో, బలం ఎటు పరుగెత్తుతుందో చూసేవాళ్ళం. చిల్లులు దూరమైతే ముల్లులాంటి మోడు మిగిలి వేలికి గుచ్చుకునేది. మరీ దగ్గరైతే దారిలోనే ఊడి పడేది. ఆయన మధ్యమధ్య పాత షీట్లు తానే విరిచేవాడు. మూడో రోజుకు బొటనవేలి మీద పొక్కు లేచింది. అది నాకు చూపించి, చిన్నపిల్లాడు పతకం చూపించినట్టు నవ్వాడు.

ఒకరోజు ఇంటి పక్కామె దగ్గర నాలుగు తునికాకులు అడిగి తెచ్చాను. ఒకటి చింపాను. చిరుగు ఈనె పక్క నుంచి సరసరా పోయింది. ఇంకోటి తీసుకున్నాను, దాని మీద పురుగు తిన్న చిన్న రంధ్రం ఉంది. చింపాను. చిరుగు వచ్చి వచ్చి ఆ రంధ్రంలో పడి ఆగిపోయింది. రంధ్రం అవతల ఆకు నిమ్మళంగా ఉంది.

"ఇంకో ఆకు చింపు తాయీ."

చింపాను. మళ్ళీ అక్కడే ఆగింది. సారు ఆ ఆకును కిటికీకి ఎత్తి పట్టి చాలాసేపు చూశాడు.

"పురుగు నాకన్న మంచి డిజైనర్ ఉన్నది" అన్నాడు.

కొత్త డ్రాయింగులో కాడలన్నీ మూలలకు పోయాయి, స్క్రూ రంధ్రం తప్ప ఏమీ లేని చోటికి. ఒక్క కాడకు మాత్రం మూలలో చోటు చాలలేదు, అది గింజ వైపే ఉండాల్సి వచ్చింది. దానికీ గింజకూ నడుమ సన్నని చీలిక కోయించాడు, పురుగు తిన్నంత. గింజను కూడా అంచు పొడవునా పడుకోబెట్టాడు, వంగినా దాని నడుము వంగకుండా. షీటుకు పదిహేను రావన్నాడు, పదమూడే అన్నాడు. ఓనరు గొణిగి ఒప్పుకున్నాడు.

షీట్లు కోసే కంపెనీకి డ్రాయింగు పంపిన మర్నాడు నేను చొప్పదండి బస్సెక్కాను. ఆమె అరుగు మీద చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి లేవలేదు, పొమ్మననూ లేదు.

"కూసో అక్కా. నీళ్ళు తాగుతవా?"

"ఓనరు రమ్మంటుండు. నీ తప్పు కాదని తేలింది."

"నాకు గప్పుడే ఎర్క."

"నేను చెప్పిన చెల్లె. నేనే నేర్పిన్నని చెప్పిన."

"ఎన్నొద్దులకు?"

"పదో రోజుకు."

ఆమె దారం తెంపి కట్ట పక్కన పెట్టింది.

"గేటు దాకా ఎందుకు మెల్లగ నడిసిన్నో ఎర్కనా? నువ్వు పిలుస్తవని."

నేను అరుగు అంచున కూర్చున్నాను.

"పని మంచిదే అక్కా. బీడీల కన్న వెయ్యి రెట్లు మంచిది. గని గాడ నువ్వున్నవ్."

అక్కడ నేనున్నానన్నది కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను బతిమాలి ఉండేదాన్ని. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. బస్సుకు ఇంకా టైముంది. ఊరికే కూర్చోలేక చాటలోంచి ఆకు, పక్కనున్న కత్తెర తీసుకున్నాను. ఆమె వద్దనలేదు. ఇద్దరం పని చేసుకున్నాం. నేను ఒక్కొక్క ఆకే కోశాను. ఆమె అది చూసింది. చూసి తల వంచుకుంది. నవ్విందో లేదో నాకు కనిపించలేదు.

సారుకు ఆ వానాకాలంలోనే ఒంట్లో బాగలేకపోయింది, ఆదిలాబాద్ వెళ్ళిపోయాడు. కొత్త షీట్లు ఆయన వెళ్ళాక వచ్చాయి. మొదటి షీటు నా చేతికే ఇచ్చారు. కిటికీకి అడ్డం పెట్టాను. మూలల్లో చుక్కల వెలుగు, గింజ పక్కన సన్నని గీత వెలుగు. విదియనాటి చంద్రుణ్ణి ఎవరో బోర్డులో కోసిపెట్టినట్టు. వేలు ఆనించి వంచాను. టక్ కూడా అనలేదు. పండిన కాయ కాడను వదిలినట్టు చేతిలోకి జారింది. ఎముకకు ఏమీ వినిపించలేదు. ఇంకోటి, ఇంకోటి. ఏమీ లేదు. మొదటిది అంజన్న ముందు పెట్టి, రెండోది చేతిలో పట్టుకుని ఆదిలాబాద్‌కు ఫోన్ చేశాను. ఆ మాటలు మొదట్లోనే చెప్పాను.

ఆ బోర్డు ఇప్పటికీ నడుస్తోందని విన్నాను. ఆ తర్వాత నేను ఇంకో నాలుగేళ్ళు చేశాను. కొత్తగా వచ్చినవాళ్ళకు నా పక్క స్టూలు ఇచ్చినప్పుడల్లా ఒకే మాట చెప్పేదాన్ని. ఏలుకు ఏదన్న తెలిస్తే మెట్లెక్కి పో, మెట్లు ఎక్కువ లేవు, పద్నాలుగే. నేను పదకొండేళ్ళు లెక్కపెట్టుకోలేదు.

చొప్పదండామె రాలేదు. వస్తుందని సారు అన్నాడు. ఓపిక పట్టమన్నాడు. పట్టాను. ఇప్పుడు మోకాళ్ళు ఓపిక పట్టనివ్వడం లేదు కాబట్టి ఇది ఆమె దగ్గరికే తీసుకుపోదామనుకుంటున్నాను. ఆమెకూ చదువు రాదు. ఆ అరుగు మీద కూర్చుని మా తమ్ముని బిడ్డ చదువుతుంది, ఆమె ఆకులు కోసుకుంటూ వింటుంది. ఆమెకు తెలియని సంగతి ఇందులో ఏదీ లేదు. నా నోటితో చెప్పడం ఒక్కటే కొత్త.

అయిపోయింది బిడ్డా, ఇగ పెన్ను పెట్టు. ముందు నాకొకసారి చదివి వినిపియ్యి. ఎక్కడన్న నన్ను నేను మంచిదాన్ని చేసుకున్ననేమో ఇనాలె. మొదటి నుంచి చదువు. జల్ది లేదు, బస్సు రేపు కదా. ఒక్కొక్క కాయితమే తిప్పు.